ఫిజియోథెరపిస్టు వద్ద దాచకూడని మాట

నడుమునొప్పితో, భుజంనొప్పితో ఫిజియోథెరపీకి వెళ్లేవారిలో అత్యధికుల బాధకు కారణం కండరాలు, కీళ్లు, ఎముకల అరుగుదల. క్యాన్సర్ వల్ల వచ్చే నొప్పి చాలా అరుదు. అయినా ఆ అరుదైన రోగిని గుర్తించే అవకాశం ఫిజియోథెరపిస్టుకు ఉన్నది. అతడు వారాల తరబడి అదే శరీరాన్ని తాకి చూస్తాడు. నొప్పి తగ్గుతున్నదో, ముదురుతున్నదో అతని చేతికే ముందు తెలుస్తుంది.

రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, మూత్రపిండాలు, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకలకు పాకే స్వభావం గలవి. వెన్నుపూసలే వాటికి తరచు స్థావరం. ఊపిరితిత్తి పైకొనలో పుట్టిన కణితి కొన్నిసార్లు దగ్గు కంటే ముందే భుజంనొప్పిగా బయటపడుతుంది.

పడుకున్నా తగ్గక రాత్రి నిద్ర లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, వారాల చికిత్సకు లొంగక పెరిగే బాధ: ఇవి హెచ్చరికలు. ఒక్కటే కనిపిస్తే నిర్ధారణ కాదు. కలిసి కనిపిస్తే ఉపేక్షించరాదు. వీటన్నిటికంటే బరువైనది, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడం.

మన కుటుంబాలు దాచేది సరిగ్గా దీనినే. కొన్నేళ్ల క్రితం రొమ్ముకు ఆపరేషన్ జరిగిన తల్లి నేడు నడుమునొప్పితో వెళ్తుంది. పాత జబ్బులేమిటని అడిగితే వెంట వచ్చినవారు షుగరు, బీపీ అని మాత్రమే చెబుతారు. కూతురి సంబంధం చెడిపోతుందని వారి భయం. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసిన పదేళ్ల తరువాత కూడా ఎముకల్లో తిరిగి తలెత్తవచ్చునని వారికి తెలియదు. తెలియని ఆ చికిత్సకుడు మామూలు నడుమునొప్పే అనుకుని వ్యాయామాలు చేయిస్తాడు. విలువైన నెలలు గడిచిపోతాయి.

చికిత్సకులు కూడా ఈ ప్రశ్నను బంధువుల ఎదుట కాక, రోగిని ఏకాంతంగా, సూటిగా అడగాలి. స్త్రీలకు స్త్రీ చికిత్సకురాలు ఉంటే మాట సులువవుతుంది. విన్నది అమానతు; అది గది దాటకూడదు. అనుమానం కలిగితే "క్యాన్సర్" అని ప్రకటించడం వారి పని కాదు. మర్దన, వ్యాయామాలు ఆపి, తాము గమనించినది కాగితంపై వ్రాసి వెంటనే వైద్యునివద్దకు పంపాలి.

నడుమునొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం బిగుసుకున్నా, అదుపు తప్పినా మరునాటి వరకు ఆగకండి. ఆనాడే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. వెన్నుపాము నలుగుతున్నప్పుడు ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

సోదరీ సోదరులారా! ఇంటి పరువు కాపాడుకోవడానికి మార్గాలు అనేకం ఉన్నాయి. తల్లి జబ్బును వైద్యం చేసేవారివద్ద దాచడం వాటిలో ఒకటి కాకూడదు.