ఆత్మకూరులో సముద్రం పెట్టాలంటే...

ఆత్మకూరు అనగానే "ఏ ఆత్మకూరు?" అంటారు, నెల్లూరు జిల్లాలో ఒకటుంది కాబట్టి. నేను చెప్పేది నల్లమల అంచున, శ్రీశైలం వెనక జలాలకి దగ్గర్లో ఉన్న ఆత్మకూరు గురించి. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఇక్కడ్నించి దోర్నాల అడవి దారి పట్టి, మార్కాపురం మీదుగా ఒంగోలు దాటితేగానీ సముద్రం కనపడదు. రెండొందల కిలోమీటర్ల పైమాటే.

అలాంటి ఊళ్ళో హాల్లో ఒక చిన్న సముద్రం పెట్టుకోవాలనే కోరిక మన ఐటీ జనానికి ఈ మధ్య బాగా పుడుతోంది. 2020 లాక్‌డౌన్‌తో ఇంటి నుంచి పని అలవాటై సొంతూళ్ళలో ఉండిపోయినవాళ్ళున్నారు. జీతం వస్తోంది, నెట్ ఉంది, ఆర్డరిస్తే గాజు ట్యాంకు, లైటు, పంపు అన్నీ గుమ్మంలోకొస్తాయి. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో చూసి పెరిగినవాళ్ళం, పిల్లలకీ అదే చూపించాం. ఇంకేం, శనివారం ట్యాంకు, ఆదివారం నీమో!

ఈ శనివారం-ఆదివారం లెక్కతోనే నా పేచీ. చేప లేకుండా నెలన్నర పాటు ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చోలేనివాళ్ళు ఉప్పునీటి ట్యాంకు జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

చేప తిన్నదాంట్లో ఉన్న నత్రజని చాలావరకు అమ్మోనియాగా మొప్పల్లోంచి బయటకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. సముద్రంలో అది లెక్కలోకి రాదు. 60 లీటర్ల గాజు పెట్టెలో అదే విషం. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. 28 డిగ్రీల వేడిలో ఆ పీహెచ్ దగ్గర మొత్తం అమ్మోనియాలో సుమారు 8 శాతం అసలైన విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి ట్యాంకులో అది ఒక్క శాతం కూడా ఉండదు. మంచినీళ్ళలో గోల్డ్ ఫిష్ ఏదో తంటాలు పడి బతికిందని, ఇక్కడా అలాగే అవుతుందనుకుంటే కుదరదన్నమాట.

ఈ అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైట్ చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, నీళ్ళు మారుస్తూ తగ్గించుకోవచ్చు. ఈ రెండు జట్ల బాక్టీరియా రాళ్ళ మీద, ఇసకలో స్థిరపడటాన్నే ట్యాంకు సైకిల్ అవ్వటం అంటారు. ఇదేమీ విదేశీ విద్య కాదు. పొలంలో యూరియా చల్లితే జరిగేది కూడా ఇదే, నేలలోని బాక్టీరియా దాన్ని అమ్మోనియా చేసి, నైట్రేట్ చేస్తేనే పైరు బాగా అందుకుంటుంది. ఈ పని చేసేది సూక్ష్మజీవులని వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే తేల్చాడు.

మరి ఆ బాక్టీరియాకి తిండి? ఇక్కడే పాత పద్ధతి ఒకటుంది. చవకగా దొరికే, మొండిగా బతికే డామ్సెల్ చేపని ముందు వదలండి, దాని అమ్మోనియాతో సైకిల్ అవుతుంది, చస్తే ఇంకోటి అంటారు. "చేపల పులుసు తినే మనకి ఈ జాలేంటి?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం ఇదీ. తినటానికి చంపితే నిమిషాల్లో అయిపోతుంది. అమ్మోనియాలో మొప్పలు కాలుతూ రోజుల తరబడి ఊపిరందక తిప్పలు పడటం వేరు. అందులోనూ మనం చూసి ఆనందించటానికి తెచ్చుకున్న ప్రాణికి ఆ గతి పట్టించడమా? ఇంకో దారి లేకపోతే ఏమో అనుకోవచ్చు. ఉంది కదా.

ఆ దారి పేరు అమ్మోనియం క్లోరైడ్. మన నవాసారం. పాత రోజుల్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు వాడిన సరుకే (ట్యాంకుకి మాత్రం ల్యాబుల్లో వాడే శుద్ధమైనదే కావాలి). లెక్క కూడా చాలా తేలిక. 60 లీటర్లలో 2 పీపీఎం అమ్మోనియా రావాలంటే 120 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలి, అంటే సుమారు 0.4 గ్రాముల నవాసారం. అది వేసి, పంపు నడిపిస్తూ, రెండ్రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూసి రాసుకోండి. మొదట అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ ఎగబాకుతుంది. తర్వాత అదీ దిగుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. చివర్లో మళ్ళీ 2 పీపీఎం వేసి 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే మీ ట్యాంకు సిద్ధం. లోడ్ టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి పంపితే మేనేజర్ ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

"సీసాలో బాక్టీరియా దొరుకుతోందిగా, పోసేస్తే మర్నాడే చేప వదలొచ్చట" అంటారు. సీసాలన్నీ మోసమని నేననను. అయితే సీసాలో ఏముందో చూడాలి. నైట్రైట్ పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలా ఏళ్ళు అనుకున్నారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది నైట్రోస్పైరా జాతి అని హోవానెక్ బృందం 1998లో చూపించింది. పైగా అది బతికున్న సరుకు. ఎండాకాలంలో కొరియర్ గోడౌన్‌లో రెండ్రోజులు మగ్గి వచ్చాక అందులో ఎంత ప్రాణం మిగిలిందో సీసా మీద రాయరు. కాబట్టి పోస్తే పోయండి, సమయం తగ్గితే మంచిదే. కానీ చేప వదలొచ్చో లేదో చెప్పాల్సింది టెస్ట్ కిట్టే, సీసా మీది రాతలు కాదు.

ఈ ఓపిక మనవాళ్ళకి కొత్తేం కాదు. భీమవరం వైపు రొయ్యల రైతుని అడగండి. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళకి రంగు వచ్చాకే పిల్ల వదుల్తాడు. అమ్మోనియా, పీహెచ్ చూపించుకోడానికి నీళ్ళ సీసా పట్టుకుని ల్యాబుకి పోతాడు. నీళ్ళు తేడా వస్తే పంట మొత్తం పోతుందని ఆయనకి తెలుసు. మనకి పోయేది ఒక చేపే కాబట్టి ఆ జాగ్రత్త అక్కర్లేదనుకుంటాం.

సైకిల్ అయ్యాక కూడా ఆత్మకూరుకి ఆత్మకూరు కష్టాలున్నాయి.

ఒకటి నీళ్ళు. బోరు నీళ్ళు నేరుగా పనికిరావు. ఆర్వో నీళ్ళలో అక్వేరియం సముద్రపు ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములు కలుపుకోవాలి. వంటింటి ఉప్పు వేస్తే అది సముద్రం కాదు, ఊరగాయ. కాల్షియం, మెగ్నీషియం ఎక్కడ్నించి వస్తాయి?

రెండు ఆవిరి. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. ఎండాకాలంలో ఫ్యాను గాలికి రోజుకి ఒక లీటరు ఆవిరైందనుకోండి. వారం ఇల్లు తాళం పెట్టి తిరుపతి వెళ్ళొస్తే 60 లీటర్లు 53 అవుతాయి, లీటరుకి 35 గ్రాముల ఉప్పు 39.6 అవుతుంది. చేప ఎలాగో తట్టుకుంటుందేమో, రొయ్యలు, నత్తలు తట్టుకోవు. కాబట్టి తగ్గిన మేరకి ఉప్పులేని ఆర్వో నీళ్ళు పోసే ఏర్పాటుండాలి. చిన్న ట్యాంకు తేలిక అనుకుంటారు గానీ, నిజానికి చిన్నదే కష్టం. తప్పుని సర్దుకోడానికి నీళ్ళు చాలవు.

మూడు ఎండ. ట్యాంకు 25-27 డిగ్రీల్లో ఉండాలి. బయట 40 దాటే ఊళ్ళో చిల్లరో, ఏసీ గదో తప్పదు. కరెంటు పోతే ఇంకో సంగతి. 30 డిగ్రీల మంచినీళ్ళు లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటే, సముద్రపు నీళ్ళు 6.2 దగ్గరే ఆగిపోతాయి. ఇన్వర్టర్ మీద రౌటర్ కంటే ముందు పెట్టాల్సింది ఆ పంపుని.

ఇక పగడాలు. మనకి పగడం అంటే కుజదోషానికి పెట్టుకునే ఉంగరం. రీఫ్ కట్టే పగడాలు వేరు, అవి కాలనీలుగా బతికే జంతువులు. ఆత్మకూరు జనానికి ఒక సంగతి చెప్తే చాలు. మన పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. పులిగోరు ఇంట్లో దొరికితే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆ పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే 2001లో రీఫ్ కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడం, సీ ఫ్యాన్ లాంటివాటినీ చేర్చారు. 2022 సవరణ తర్వాతా అవి అక్కడే ఉన్నాయి. అడవిలో చెక్‌పోస్టు కనిపిస్తుంది, సముద్రంలో కనపడదు, అంతే తేడా. "విదేశీ సరుకు సార్" అన్నారా, సైటీస్ కాగితాలు అడగండి. ఆ జాబితాలోని జంతువుల్ని ఇంట్లో ఉంచుకోవడం గురించి ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలని ఆ సవరణలోనే పెట్టారు. కాగితం లేని పగడం ఎంత అందంగా ఉన్నా కొనకండి. పగడపు దిబ్బల్లోంచి విరగ్గొట్టి తెచ్చిన "లైవ్ రాక్" కూడా వద్దు. గుల్లగా ఉండే సిరామిక్ రాళ్ళ మీద కూడా ఆ బాక్టీరియా పెరుగుతుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ దిబ్బలు ఇప్పటికే వేడికి తెల్లబోతున్నాయి. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో, మళ్ళీ 2024లో ఇదే జరిగింది. మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీల వేడి కొన్ని వారాలు నిలబడితే చాలు. సముద్రంలోనే నిలవలేనిదాన్ని మే నెల ఆత్మకూరులో నేను నిలబెడతాననటం ధైర్యం అనిపించుకోదు.

మరైతే ఏం పెట్టాలి? 60 లీటర్లకి హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట, ఒక గోబీ, ఒక రొయ్య, కొన్ని నత్తలు. అంతే. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. కాబట్టి సముద్రంలో పట్టినది కొనాల్సిన అవసరం లేదు. అవి కూడా ఒకేసారి వద్దు. బాక్టీరియా జనాభా వచ్చే అమ్మోనియాకి తగ్గట్టే ఉంటుంది, ఒక్కరోజులో బరువు మూడింతలు చేస్తే అందుకోలేదు. ముందు రాళ్ళ మీద గోధుమరంగు పాచి, తర్వాత ఆకుపచ్చ పాచి వస్తాయి. కంగారుపడి మందులు పొయ్యకండి. అప్పుడు నత్తలు, రెండు మూడు వారాలకి చేపల జంట, ఇంకో రెండు మూడు వారాలకి గోబీ. కొత్తగా వచ్చిన ఏ చేపనైనా ముందు వేరే చిన్న ట్యాంకులో కొన్ని వారాలు ఉంచి, జబ్బు లేదని చూసుకుంటే ఇంకా మంచిది.

లెక్కేస్తే మొదటి రోజు నుంచి అన్నీ సర్దుకునేసరికి నాలుగు నెలలవుతుంది. "ఇంత తతంగం నావల్ల కాదు బాబూ" అంటే అందులో చిన్నతనమేం లేదు, హాయిగా మంచినీటి ట్యాంకు పెట్టుకోండి. దానికీ సైకిల్ తప్పదనుకోండి :-) కాకపోతే ఉప్పు లెక్క ఉండదు, చట్టం భయం ఉండదు. లేదూ ఉప్పునీళ్ళే కావాలంటే, నవాసారం తూకం వేసి, తేదీ రాసి, రేపట్నించి ఖాళీ నీళ్ళని చూడటం మొదలెట్టండి. పిల్లలు "చేప ఎప్పుడొస్తుంది?" అని రోజూ అడుగుతారు. వాళ్ళ చేతికే టెస్ట్ కిట్టు ఇవ్వండి. నైట్రైట్ రంగు ఎప్పుడు దిగుతుందో వాళ్ళే మీకు చెప్తారు.