పట్టా వేరు, అనుమతి వేరు

మన కృష్ణా డెల్టాలో ఒక యెకరము మాగాణి కొనదలచిన రైతు ఏమి చేయునో చిన్న బాలురు సైతము ఎరుగుదురు. అమ్మువాని మాట నమ్మి వెంటనే సొమ్ము చెల్లింపడు. లింకు దస్తావేజులు చూచును. సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ఈ.సి. తీయించును, సర్వేయరుచేత హద్దులు కొలిపించును. కాని అదే రైతు అదే యెకరమును అమ్మి బిడ్డ చదువునకు సొమ్ము కట్టునపుడు, ఆ విశ్వవిద్యాలయపు హక్కు పత్రములు చూపుడని అడుగుట మిక్కిలి అరుదు. పైతరగతి ముగించి పోవు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ యేట మేము చెప్పదలచినది ఈ యొక్క సంగతియే.

ఇంట నుండి చదువు చదువును మేము నిందించుట లేదు. 1982లో హైదరాబాదున స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము మన దేశమున అట్టివానిలో మొదటిది. కూలికి పోవుచు, పిల్లలను పెంచుచు పట్టభద్రులైనవారు మన యూళ్లలో అనేకులు గలరు. అనుమతి గల దూరవిద్యా పట్టాయు, ఆన్‌లైన్ పట్టాయు కళాశాల పట్టాతో సమానములని 2020 నాటి యు.జి.సి. నిబంధనలు చెప్పుచున్నవి. కావున దోషము ఆ పద్ధతియందు లేదు. విచారింపకుండ చేరుటయందే కలదు.

ఒక్క అనుమతి యుండిన అన్నియు ఉన్నట్లే యని తలచుట పెద్ద పొరపాటు. 2011 జనవరిలో అమెరికా అధికారులు కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని సోదా చేసిరి. అందు సుమారు 1,500 మంది విద్యార్థులు. వారిలో అత్యధికులు భారతీయులు, అందును తెలుగువారే ఎక్కువ. వీసా కాగితములిచ్చు అధికారము ఆ సంస్థకు కలదు. చదువునకు గుర్తింపు మాత్రము లేదు. పలువురు విద్యార్థులు దూర రాష్ట్రములలో నివసించుచుండిరి. పాఠములు ఆన్‌లైన్‌లో జరుగుచుండెను. కొందరి కాళ్లకు జాడ తెలుపు రేడియో పట్టీలు కట్టగా మన ప్రభుత్వము ఆక్షేపించెను. కొందరు వేరు విద్యాలయములకు మారగలిగిరి. కొందరు ఇంటిముఖము పట్టిరి. స్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు మించిన శిక్ష పడెను. ఎరిగి చేరినవారు కొందరుండవచ్చును. ఎరుగక చేరినవారికిని దుఃఖము తప్పలేదు.

ఇట్టిది పరదేశముననే జరుగునని తలపరాదు. మన దేశమున నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయములు దూరవిద్య ద్వారా ఇంజనీరింగు పట్టాలిచ్చినవి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు వారు, 2001 మొదలు 2005 వరకు చేరినవారి పట్టాలను నిలిపివేసి మరల పరీక్ష వ్రాయుడనిరి. అటుపిమ్మట చేరినవారి పట్టాలను రద్దుచేసిరి. ఉద్యోగములలో కుదురుకొని సంసారులైనవారు మరల పరీక్షకు కూర్చుండవలసివచ్చెను.

ఉపాధ్యాయుల గాథ మనకు మరింత దగ్గరది. శిక్షణ లేని ఉపాధ్యాయులు 2019 మార్చి లోపల శిక్షణ పొందవలెనని 2017లో చట్టము సవరింపబడగా, జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ఆన్‌లైన్‌లోను, టెలివిజనులోను పదునెనిమిది నెలల డిప్లొమా నడిపెను. అది రెండేండ్ల డిప్లొమాకు సమానము కాదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను. నాడు ఉద్యోగమున నుండి గడువులోపల ముగించినవారికి చెల్లునని 2024 డిసెంబరులో స్పష్టమాయెను. ప్రభుత్వమే నడిపిన చదువు విషయముననే ఇంత కలత కలిగినపుడు, వీధిలో బోర్డు కట్టిన దళారి మాటకు విలువ యెంత?

కావున మూడు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: పట్టా నిచ్చు అధికారము ఈ సంస్థకు చట్టము వలన కలదా? రెండవది: ఈ చదువును, ఈ పద్ధతిలో, ఈ సంవత్సరము చెప్పుటకు యు.జి.సి. అనుమతి కలదా? ఆ జాబితా అందరును చూడదగినదే. వైద్యము, ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము మొదలగు వాని పట్టాలను దూరవిద్య ద్వారా గాని ఆన్‌లైన్‌లో గాని ఇచ్చుటకు నిబంధనలు ఒప్పవు. రాష్ట్ర విశ్వవిద్యాలయము తన రాష్ట్రము దాటి దూరవిద్యా కేంద్రము పెట్టరాదు. బెజవాడలో అట్టి బోర్డు కనబడిన సందేహింపవలెను. మూడవది, ముఖ్యమైనది: ఈ పట్టాతో ఆ వృత్తి చేయనిత్తురా? ఇందుకు ఉత్తర మిచ్చునది విశ్వవిద్యాలయము కాదు. బార్ కౌన్సిలు, నర్సింగు కౌన్సిలు వంటి వృత్తి మండలులు. అమెరికాలోనైతే నర్సునకు గాని ఉపాధ్యాయునకు గాని లైసెన్సు నిచ్చునది ఏ రాష్ట్రమున కా రాష్ట్రమే. ఒకచోట చెల్లిన పట్టా వేరొకచోట చాలకపోవచ్చును. చదువు ఎచ్చట ననుటయేగాక, పని ఎచ్చట చేయదలచితి మనునదియు ముందే తేల్చుకొనవలెను.

పదునెనిమిదేండ్ల బాలునిపై ఇంత భారమా యని కొందరందురు. నిజమే; మోసమును అరికట్టుట ప్రభుత్వపు విధి. కాని తీర్పులు వచ్చుటకు ఏండ్లు పట్టును. పోయిన యౌవనమును ఏ న్యాయస్థానమును తిరిగి యీయజాలదు. బాలుని ఒంటరిగా విడువక, సొమ్ము కట్టుటకు ముందే తలిదండ్రులును, ఒక ఉపాధ్యాయుడును వానితో కూర్చుండి ఆ కాగితములు చదువవలెనని మా అభిప్రాయము. ఇంగ్లీషు రాని తండ్రి సిగ్గుపడి మానరాదు. చదివి చెప్పుట పాఠశాలకు భారము కాదు.

విద్యార్థులారా! మీ పెద్దలు పొలము కొనునపుడు చూపిన జాగ్రత్తను మీ జీవితము విషయమున మీరును చూపుడు. ముందు అడిగిన ప్రశ్న అవిశ్వాసము కాదు, వివేకము.