చమురు కంపెనీలకి దొడ్డిదారి డాలర్లు

2013 ఆగస్టు 28. ఆ రోజు డాలరు ధర 68 రూపాయల 80 పైసలకి చేరింది. అప్పటికి అదే రికార్డు. ఆ రాత్రే రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ - ఈ మూడు ప్రభుత్వ కంపెనీలూ ఇక డాలర్ల కోసం బజారుకి వెళ్ళక్కర్లేదు, రోజువారీ కావలసినవన్నీ మేమే ఒక బ్యాంకు ద్వారా ఇప్పిస్తాం అని దాని సారాంశం. మర్నాడు రూపాయి విలువ డాలరుకి రెండు రూపాయల పైగా కోలుకుంది. అప్పటి గవర్నరు మన ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు. ఆయన పదవీకాలం ముగియడానికి ఇంకో వారమే ఉంది.

ఆ ఉపాయం అప్పటికి పనిచేసింది, కాదనను. నా పేచీ అది కాదు. అర్ధరాత్రి అవసరానికి వేసిన అతుకు ఇన్నేళ్ళయినా రూలు కాకపోవడమే నా పేచీ.

అసలు అక్కడ జరిగిందేమిటో చూడండి. అది దానం కాదు, అమ్మకమూ కాదు. బదులు! ఇవాళ డాలర్లు తీసుకో, రూపాయలు ఇచ్చుకో, ఫలానా తేదీకి డాలర్లు తిరిగి తెచ్చివ్వు - ఇంతే. దీన్నే స్వాప్ అంటారు. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింటి నుంచి డబ్బాడు బదులు తెచ్చుకుంటాం కదా, అచ్చం అలాంటిదే. ఆ పూట బజారుకి వెళ్ళే పని తప్పుతుంది గానీ ఇంట్లో తినేవాళ్ళు తగ్గరు. మన చమురు అవసరం ఒక్క చుక్క కూడా తగ్గలేదు, వాయిదా పడిందంతే. ఆ వాయిదా ఫలించిందంటే కారణం, ఈలోగా ప్రవాస భారతీయుల డిపాజిట్లూ, బ్యాంకులు బయటినుంచి తెచ్చిన అప్పులూ కలిసి 3,400 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. అవి రాకపోతే? బదులు తీర్చే రోజున అదే బజారులో, అదే క్యూలో నిలబడాల్సింది.

ఇదేమీ మొదటిసారి కూడా కాదు. 2008 జూన్‌లో పీపా ధర ఆకాశానికెక్కినప్పుడు (జులైలో 147 డాలర్లు తాకింది) ఈ కంపెనీల దగ్గర నగదు లేదు, సర్కారు సబ్సిడీకి బదులుగా అంటగట్టిన ఆయిల్ బాండ్లు మాత్రం ఉన్నాయి. అప్పుడూ రిజర్వు బ్యాంకు ఆ బాండ్లు పుచ్చుకుని డాలర్లు ఇప్పించింది. రోజుకి వెయ్యి కోట్ల రూపాయల మేరకు అన్నారు మొదట. 2008లో ఒక పద్ధతి, 2013లో ఇంకో పద్ధతి, 2018లో మరోటి. గాలివాన వచ్చిన ప్రతిసారీ కొత్త గొడుగు కుట్టుకోవడమే తప్ప ఇంటి కప్పు బాగుచేసుకున్నది లేదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2012 మేలో రూపాయి జారుతుంటే రిజర్వు బ్యాంకు ఎగుమతిదారుల మీద పడింది. మీ విదేశీ కరెన్సీ ఖాతాల్లో ఉన్నదాంట్లో సగం రెండు వారాల్లో రూపాయల్లోకి మార్చేయండి అంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలూ అందులో ఉన్నాయి. 2013 ఆగస్టు 14న మామూలు జనం ఏడాదికి బయటికి పంపుకోగల మొత్తాన్ని 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకి కోసేసింది. అదే రోజు కంపెనీలు విదేశాల్లో పెట్టే పెట్టుబడుల పరిమితినీ తగ్గించింది. కానీ ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, నవరత్న సంస్థలు బయటి చమురు వ్యాపారంలో పెట్టే కొన్ని పెట్టుబడులకి మినహాయింపు! డాలర్లు తెచ్చేవాడి జేబు తడుముతారు, డాలర్లు ఖర్చుపెట్టేవాడికి దొడ్డి తలుపు తీస్తారు.

"చమురు లేకపోతే దేశం ఆగిపోతుందయ్యా, నీ విదేశీ ప్రయాణం ఆగితే ఏమవుతుంది?" అంటారు. నిజమే. అందుకే మినహాయింపు ఉండకూడదని నేననడంలేదు. మన చమురులో నూటికి 85 పాళ్ళ పైన దిగుమతే. ఏడాదికి సుమారు 23 కోట్ల టన్నులు, అంటే దాదాపు 170 కోట్ల పీపాలు. పీపా 70 డాలర్లు వేసుకున్నా 12 వేల కోట్ల డాలర్లు. శుద్ధిచేసి తిరిగి ఎగుమతి చేసేది తీసేయకుండా చెప్పే లెక్క ఇది. డాలరు ఒక్క రూపాయి పెరిగితే బిల్లు 12 వేల కోట్ల రూపాయలు పెరుగుతుంది. ఇంత పెద్ద అంకె ఉన్నచోటే కదండీ రూలు స్పష్టంగా ఉండాల్సింది!

2018 సంగతి మరీ విడ్డూరం. అక్టోబరు 3న రిజర్వు బ్యాంకు ఈ కంపెనీలు రోజువారీ ఖర్చులకి బయట డాలర్లలో అప్పు తెచ్చుకోవచ్చంది. మొత్తం మీద వెయ్యి కోట్ల డాలర్ల దాకా. ఒక్కో కంపెనీకీ ఉండే 75 కోట్ల డాలర్ల పరిమితి ఎత్తేసింది. హెడ్జింగ్ నిబంధన కూడా ఎత్తేసింది. హెడ్జింగ్ అంటే రేపటి డాలరు రేటుని కొంత ఖర్చు పెట్టి ఇవాళే ఖాయం చేసుకోవడం. ఇదే రిజర్వు బ్యాంకు 2014 జనవరిలో ఏం చెప్పింది? హెడ్జ్ చేసుకోని కంపెనీలకి అప్పిస్తే బ్యాంకులు అదనంగా డబ్బు పక్కన పెట్టాలని! ఊరందరికీ హెల్మెట్ తప్పనిసరి, పెద్ద లారీకి మాత్రం బ్రేకులు అక్కర్లేదు.

ఆ అక్టోబరులో 73 రూపాయల దగ్గర ఐదేళ్ళకి వంద డాలర్లు అప్పు తెచ్చారనుకోండి. 2023 అక్టోబరులో తీర్చేనాటికి డాలరు 83. వడ్డీ కాక వెయ్యి రూపాయలు అదనం. అది ఎవరు కట్టాలి? బంకు దగ్గర మనమా, కంపెనీ లాభమా, బడ్జెట్టా? ఎవరూ చెప్పరు. ఆ ప్రకటన వచ్చిన మర్నాడే సర్కారు పన్ను రూపాయిన్నర తగ్గించి, ఇంకో రూపాయి మీరే భరించండని ఇవే కంపెనీలకి చెప్పింది. ఒక చేత్తో అప్పు చేసుకోమంటారు, రెండో చేత్తో గల్లాపెట్టె ఖాళీ చేస్తారు.

"రూపాయల్లోనే కొనేస్తే పోలా?" అనేవాళ్ళూ ఉన్నారు. 2022 జులైలో రిజర్వు బ్యాంకు దానికి దారి వేసింది. 2023 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ అబూధాబీ కంపెనీకి 10 లక్షల పీపాలకి రూపాయల్లో చెల్లించింది కూడా. బాగానే ఉంది. కానీ అదే ఏడాది మేలో రష్యా విదేశాంగ మంత్రి లవ్రోవ్ గోవాలో ఏమన్నారు? మీ బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లు పేరుకున్నాయి, వాడుకోవాలంటే వేరే కరెన్సీలోకి మార్చాలి అని. మన దగ్గర కొనడానికి సరుకు లేనివాడు మన రూపాయల్ని ఏం చేసుకుంటాడు?

నేనడిగేవి మూడే.

ఒకటి: ఈ ప్రత్యేక కిటికీ ఎలాంటి పరిస్థితిలో తెరుస్తారు, ఎన్నాళ్ళకి మూస్తారు, బదులు ఎన్ని నెలల్లో తీర్చాలి - ఇవి ముందే రాసిపెట్టండి. ఫలానా రేటు దగ్గర తెరుస్తామని చెప్పక్కర్లేదు, చెబితే జూదగాళ్ళు కాచుక్కూచుంటారు. మిగతాది చెప్పడానికి ఏం అడ్డం?

రెండు: హెడ్జింగ్ అందరికీ ఒకటే. లేదూ, చమురుకి మినహాయింపు ఇచ్చి తీరాలీ అంటే, హెడ్జ్ చేయని అప్పు ఎంతో కంపెనీలవారీగా మూణ్ణెల్లకోసారి ఒక్కచోట చూపించండి.

మూడు: కిటికీ మూశాక లెక్క చెప్పండి. ఎన్ని డాలర్లిచ్చారు, ఎప్పుడు తిరిగొచ్చాయి, లాభనష్టాలు ఎవరి ఖాతాలో పడ్డాయి. చెప్పాల్సింది పార్లమెంటులో.

2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. 2013లో 68కే గుండెలు బాదుకున్నాం. ఇంకో అర్ధరాత్రి రాకుండా పోదు, ఇంకో ప్రకటనా రాకుండా పోదు. మర్నాడు మళ్ళీ చప్పట్లు కొడతాం. బదులు తెచ్చిన బియ్యం ఎవరు తీరుస్తారని మాత్రం అప్పుడూ అడగం. అదేదో ఇప్పుడే అడిగితే పోతుంది కదా!