చెనక్కాయ జాతకం

మన కదిరి చెనక్కాయకు పుట్టుకలోనే ఒక చిక్కుంది. రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట గనుక దాని 40 క్రోమోజోముల్లో 20 ఒక జాతివి, 20 ఇంకో జాతివి. రెండు సగాలూ కవలల్లా ఉంటాయి. డి.ఎన్.ఏ.ను వంద, రెండు వందల అక్షరాల ముక్కలుగా చదివితే ఏ ముక్క ఏ సగానిదో తేలడం కష్టం. ఒక్కొక్క అణువును విడిగా, వేల అక్షరాల పొడవున ఏకబిగిన చదివే పద్ధతి వచ్చాకే, 2019లో, సుమారు 250 కోట్ల అక్షరాల పాఠం వెలువడింది. మొదట్లో ఆ చదువులో నూటికి పదికి పైగా తప్పులు! ఒకే అణువును పదేపదే చదివించి దిద్దుకున్నారు.

జాతకం చేతికొచ్చింది గనుక ఇంక కరువు పారిపోతుందనుకోవడం మాత్రం పిచ్చిభ్రమ. కరువును తట్టుకునే గుణం ఒక్క జన్యువులో లేదు. వేరులో, ఆకులో, పూతకాలంలో చెదిరి ఉంది. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఏ మొక్క నిలుస్తుందో తేల్చేది చేనే. కదిరి-6, కదిరి లేపాక్షి మన పరిశోధన కేంద్రం చేలల్లో నిగ్గుతేలినవే గదా! యంత్రాలకు డబ్బిచ్చే ప్రభుత్వం ఆ చేలకు కోత పెడితే ఒప్పుకోరాదు. మన కాలేజీ బోటనీ విద్యార్థులను ఒక్క ఖరీఫ్‌కైనా అక్కడికి పంపాలని యూనియన్ తరఫున అడుగుదాం.