ప్రోగ్రాము కూడ సాహిత్య కృతియే

మన కాపీరైటు చట్టము 1957 నాటిది. 1984లో జరిగిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు అందు సాహిత్య కృతుల కోవలో చేరినవి. తెలుగు బోధించు మాకు ఈ మాట మొదట వింతగా తోచినను, యోచించిన కొలది న్యాయమే అనిపించినది. పద్యమువలెనే ప్రోగ్రామును ఒకరి రాత్రింబవళ్ల శ్రమఫలము. అయితే పద్యమును ఎత్తివ్రాయుటకు కొంత ఓపిక కావలెను. దీనికి అదియును అక్కరలేదు.

ఒక్కరు వాడు యంత్రమున దొంగప్రతి తీసిన దోషము ఆ ఒక్కరిది. ఒకే సర్వరును నలువదిమంది విద్యార్థులు పంచుకొను కళాశాల ప్రయోగశాలలో అట్లు కాదు. అచట ఒక్క ప్రతి నలువది ప్రతులగుటకు ఎంతో సేపు పట్టదు. దీనికి విరుగుడు ఎన్నడో ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్సు వ్యవస్థలో ప్రతి ఫైలునకును చదువుట, వ్రాయుట, నడుపుట అను మూడు అనుమతులు వేరువేరుగా కలవు. నేటి లినక్సులోను అంతే. నడుపుట మాత్రమే ఇచ్చి చదువుట నిరాకరించినచో విద్యార్థి ప్రోగ్రామును వాడుకొనగలడు గాని ప్రతి తీయలేడు. ప్రతి తీయవలెనన్న ముందు ఫైలును చదువవలెను గదా! స్క్రిప్టులకు మాత్రము ఈ ఉపాయము చెల్లదు. వానిని చదివిన గాని యంత్రము నడుపలేదు. ఒకేసారి ఎందరు తెరువవచ్చునో లెక్కించు లైసెన్సు సర్వరు మరియొక కాపలా.

కాని ఈ తాళములన్నిటిని తెరువగల రూట్ అధికారము ప్రయోగశాల నిర్వాహకుల చేతిలో ఉన్నది. సంస్థయే దొంగప్రతిని ఎక్కించి, విద్యార్థికి మాత్రము అనుమతులు బిగించుట ఏమి నీతి? 1994 సవరణతో వచ్చిన 63బి సెక్షను ప్రకారము, దొంగప్రతియని తెలిసి కంప్యూటరులో వాడుటయే నేరము; ఏడు దినములనుండి మూడేండ్లవరకు శిక్ష కలదు.

ఆంగ్ల ప్రోగ్రాముల సంస్థలు ఈ నష్టమును తట్టుకొనగలవు. మన భాషల పనివారికి కొనువారే కొందరు. 1981లో వెలువడిన నూరీ నస్తాలీక్ లిపికై మీర్జా అహ్మద్ జమీల్ గారు వేలకొలది అక్షర సంయోగములను స్వహస్తముతో వ్రాసిరి. ఆ లిపితో 1994లో ఢిల్లీనుండి వచ్చిన ఇన్‌పేజ్ ఉర్దూ అచ్చుపనికి ఎంత మేలు చేసినదో ఉర్దూ పాఠకులకు చెప్పనక్కరలేదు. అట్టివారి కష్టమును ఉచితముగా అనుభవించుచు, ఉర్దూకు తెలుగుకు మంచి ప్రోగ్రాములు లేవని వాపోవుట మాకు రుచించదు.

నర్సీపట్నము వంటి ఊరి కళాశాలకు ధనమెక్కడిదందురా? సిలికానాంధ్ర వారి పెద్దన, తిమ్మన, ధూర్జటి లిపులు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితముగా లభించుచున్నవి. వానిని ఎందరికైనను పంచవచ్చును. కొనలేనిచోట ఇట్టివి వాడి, తక్కినవానికి ఎన్ని లైసెన్సులున్నవో ప్రయోగశాల గోడమీద ఒక పట్టిక అంటించవలెనని మా సూచన. దానిని విద్యార్థులే సరిచూతురు గాక.