రోబోకి లేని మైల మా అమ్మకెందుకు?

మా అమ్మ పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లల్లో పనిచేస్తోంది. పోయిన నెల ఫోన్ చేసి, "నాలుగో అంతస్తోళ్లు ఊడ్చే మర తెచ్చుకున్నరు బిడ్డా. పళ్లెమంత ఉంది. దానంతటదే తిరుగుతది. చిట్టి అని పేరు గూడ పెట్టిన్రు" అని నవ్వింది. కాసేపాగి ఇంకో మాట అంది. "అది దేవుడర్రలకు గూడ పోతది."

ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఐదేళ్ల నుంచి ఊడుస్తున్నా అమ్మ ఆ గది గడప దాటలేదు. అమ్మకి టీ ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది. ఆ ఇంటావిడ ఫోన్లో అమ్మ నంబరు 'మెయిడ్ 2' అని ఉంటుంది. వారం కింద వచ్చిన మరకి మాత్రం రజనీకాంత్ సినిమాలోంచి తెచ్చి పేరు పెట్టుకున్నారు.

మిత్రులారా, మొన్న హాస్టల్ స్టడీ సర్కిల్లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇంటి పనంతా రోబోలు చేస్తే కులం దానంతటదే పోతుంది కదా?" ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ఊడ్చే పని మైల అయితే ఆ మర కూడా మైలపడాలి. బాత్రూం ముందు తిరిగిన చక్రాలే దేవుడి గదిలోకీ పోతున్నాయి. ఎవరికీ అభ్యంతరం లేదు. అంటే మైల దుమ్ములో లేదు, పనిలో లేదు. ఆ పని చేసే మనిషికి అంటగట్టారు. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ చూపించిన తేడా ఇదే. కులం విభజించింది పనిని మాత్రమే కాదు, పనివాళ్లని. పనిని మరకి అప్పజెప్పినంత మాత్రాన ఆ విభజన పోదు.

రెండో సంగతి. మర ముందు ఎవరి గుమ్మానికి వచ్చింది? ఇల్లు ఊడ్చే రూంబా అమెరికాలో 2002లోనే మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బ్యాండికూట్ రోబోని కేరళ కుర్రాళ్లు తయారు చేసి 2018లో తిరువనంతపురంలో దించారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగుకాలువలోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా చావులు ఆగలేదు. చనిపోయిన కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. సోఫా కింద దుమ్ముకి మర ఇంటికే డెలివరీ అవుతోంది. మనిషి ప్రాణం తీసే గుంత దగ్గర మాత్రం ఇంకా తాడే ఉంది. లేనిది టెక్నాలజీ కాదు. దిగేవాడు ఎవరో తెలుసు కాబట్టి తొందర లేదు.

మూడోది స్మార్ట్ హోమ్. అమ్మ గేటు దగ్గరికి రాగానే యాప్‌లో నమోదవుతుంది, ఇంటావిడ ఫోన్ మోగుతుంది. పోయేటప్పుడు సంచి చూస్తారు. హాల్లో కెమెరా, వంటింట్లో కెమెరా. వాళ్లకది ఇల్లు. అమ్మకి పనిచేసే చోటు. కానీ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాకి వర్తించదు. ఆ కెమెరాలో పడ్డ మా అమ్మ ముఖం 'ఇంటి అవసరం' కింద పోతే, ఆమె ఎవరిని అడగాలి?

అసలు ఈ మరలు మనిషి లేకుండా నడుస్తున్నాయా? 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం ఇచ్చింది. పరీక్షల కోసం ఇళ్లల్లో తిప్పిన రూంబాలు తీసిన ఫొటోలు బయటికొచ్చాయి. వాటిలో టాయిలెట్ మీద కూర్చున్న ఒక మహిళ ఫొటో కూడా ఉంది. ఆ ఫొటోలు చూసి ఇది కుర్చీ, ఇది మనిషి అని గుర్తులు పెట్టే పని వెనెజువెలాలోని గిగ్ కార్మికులు చేశారు. 2025 అక్టోబర్‌లో నియో అనే మనిషి ఆకారపు ఇంటి రోబోకి 20,000 డాలర్ల ధరతో బుకింగ్స్ తెరిచారు. దానికి రాని పనిని, ఎక్కడో కూర్చున్న ఒక మనిషి దాని కళ్లతో చూస్తూ చేయిస్తాడని కంపెనీయే చెప్పింది. పనివాళ్లు పోలేదు, కంటికి కనబడకుండా పోయారు. పని కావాలి, చేసిన మనిషి మాత్రం ఎదురుపడకూడదు. ఈ కోరిక మన ఊళ్లకి కొత్తదా?

నేను మరలకి వ్యతిరేకిని కాదు. అమ్మ నడుం నొప్పి నాకు తెలుసు. గాంధీ యంత్రాలని అనుమానించినప్పుడు, శ్రమజీవికి తీరిక దొరకాలంటే యంత్రం కావాలని వాదించినవాడు అంబేద్కర్. నా గొడవ ఆ తీరిక ఎవరికి దక్కుతోందన్నదే. చిట్టి వచ్చాక అమ్మ జీతంలో 800 కోసేశారు. తడిబట్ట పెట్టడం, గిన్నెలు, చిట్టి కడుపులోని చెత్త దులపడం మాత్రం అమ్మకే మిగిలాయి.

కాబట్టి మన డిమాండ్లు మర చుట్టూ కాదు, మనిషి చుట్టూ ఉండాలి. ఇంటి పనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని భారత్ ఆమోదించలేదు. వాళ్ల కోసం ప్రత్యేక చట్టం సంగతి చూడమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ చట్టంలో కనీస వేతనం, వారపు సెలవు, పని తగ్గించినా తీసేసినా ముందస్తు నోటీసు ఉండాలి. కెమెరా ఎక్కడుందో, ఆ వీడియో ఎవరు చూస్తారో పనిమనిషికి చెప్పి తీరాలి. దీనికోసం ఇంటి పనివాళ్ల సంఘాలతో కలిసి కూర్చుందాం. ఈ లోపు మీరు ఉండే అపార్ట్‌మెంట్లో పనివాళ్లకి వేరే లిఫ్ట్ ఉందేమో చూడండి. ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో లేచి ఎందుకని అడగండి.

నిన్న అమ్మని అడిగాను, చిట్టి ఎలా ఉందని. "తివాచీ అంచుకు తట్టుకొని ఆగింది. నన్నే తీయమన్నరు" అంది. అది ఆగింది దేవుడి గదిలోనా అని అడిగాను.

"లేదు. హాల్ల. దేవుడర్రల ఆగితే ఆమెనే పోయి తెచ్చుకుంటది."

జై భీమ్.