ఖాళీ డబ్బా ఖాళీది కాదు

పత్తికి, మిరపకు ఎన్నిసార్లు మందు కొట్టామో ఏ రైతును అడిగినా చెబుతాడు. ఆ డబ్బాలు ఎక్కడికి పోయాయంటే చెప్పలేడు. కాలువ గట్టున, బోరు పక్కన పడి ఉంటాయి. మందు కలిపిన డ్రమ్ము కడిగి గొడ్లకు నీళ్లు పెట్టే ఇళ్లూ ఉన్నాయి.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. పురుగుమందు డబ్బాలో నూనె పోసి ఉంచడమే కారణమని అధికారులు చెప్పారు. ఆ మందు పేరు మన పత్తి రైతులకు కొత్త కాదు.

చట్టం లేక కాదు. ఖాళీ డబ్బాను మళ్లీ వాడే వీలు లేకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని 1971 పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. మందును తిండి సరుకులకు, దాణాకు తగిలేలా తరలించకూడదనీ చెబుతున్నాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఫ్యాక్టరీ తన విష వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. అదే విషం మన పొలానికి వచ్చాక తీసుకుపోయే నాథుడు లేడు. నీళ్లు పైనే ఉండే కృష్ణ ఒడ్డు ఊళ్లలో పూడ్చమంటే మన బోరులో మనమే పోసుకున్నట్టు.

భోపాల్‌లో 40 ఏళ్లు వదిలేసిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో పీతంపూర్‌కు పంపారు. అక్కడి జనం రోడ్డెక్కారు. ఆలస్యం చేసిన కొద్దీ విషం మోయడం ఇంత కష్టమవుతుంది.

అందుకే మా డిమాండ్లు ఇవి. ప్రతి పంట చివర రైతు సేవా కేంద్రం దగ్గర ఖాళీ డబ్బాలు, గడువు తీరిన మందులు సేకరించాలి. అమ్మిన కంపెనీలే ఖర్చు భరించాలి. మూత బిగించిన డ్రమ్ముల్లో, పేరు రాసి, వేరే బండిలో అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి చేర్చాలి. ఎరువుల లారీలో, దాణా ఆటోలో కాదు.

అప్పటిదాకా మన జాగ్రత్త మనదే. మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. డబ్బాకు చిల్లు పెట్టండి. తగలబెట్టొద్దు, పాత సామాన్ల వాళ్లకు అమ్మొద్దు. మిగిలిన మందులు ఒకదాంట్లో ఒకటి కలపొద్దు, లేబుల్ చించొద్దు, తాళం వేసిన చోట నిలబెట్టి ఉంచండి. రాజధానికి భూమి ఇచ్చి సేద్యం ఆపినవాళ్లూ ఒకసారి గొడ్ల చావిడి మూలలు చూసుకోండి. సేద్యం ఆగినా విషం ఆగదు.